గోల్ఫ్ కర్రకు నేను గీసిన అడుగు

పదవీ విరమణ రోజున మా షెడ్డులో నాకు శాలువా కప్పి ఓనర్ గారు ఒక మాట అన్నారు: "మన ఇన్‌స్పెక్టర్ గారు లైబ్రరీలో కూర్చుని గోల్ఫ్ నేర్చుకుని, మనకు గోల్ఫ్ కర్రల పని తెచ్చిపెట్టారు." అందరూ చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు అక్కడ కొత్తగా చేరేవాళ్ళకు ఆ కథే చెబుతున్నారట. మొన్న ఒకతను ఫోన్ చేసి, "ఏ పుస్తకం సార్ అది? నేను కూడ చదువుత" అన్నాడు.

బాబూ, ఆ పుస్తకం వల్ల పని రాలేదు. ఆ పుస్తకం వల్ల పని పోబోయింది. దాంతోపాటు ఒక మనిషి చేతి మీద ఉన్న నమ్మకం కూడా పోబోయింది. ముప్పై ఏళ్ళు కొలతలు రాసి కింద సంతకం పెట్టడమే నా ఉద్యోగం. తప్పు కొలత కింద నా సంతకం ఇంకా అలాగే ఉంది. దాన్ని కొట్టేసి సరైనది రాయడానికే ఇది.

మాది నగరం అంచున జల్‌పల్లిలో రేకుల షెడ్డు. నేను కిషన్‌బాగ్ నుంచి కొంత దూరం బస్సులో, కొంత దూరం షేర్ ఆటోలో వెళ్ళేవాణ్ణి. మేము చేసేది నకళ్ళు. బేకరీలో పిండి కలిపే మిషను చక్రం పళ్ళు ఊడిపోతాయి, మందుల ప్యాకింగ్ మిషనులో ఒక చిన్న ముక్క అరిగిపోతుంది. కంపెనీ నుంచి కొత్తది తెప్పించాలంటే నెలలు పడుతుంది. ఆ పాతదాన్ని గుడ్డలో చుట్టి మా దగ్గరకు తెస్తారు. దాన్ని చూసి కొత్తది చేసివ్వాలి.

ఈ పనిలో ఒక కిటుకుంది. మా దగ్గరకు వచ్చే నమూనా ఎప్పుడూ అరిగినదే. అరగకపోతే మాతో పనేముంది? కాబట్టి ఉన్నదున్నట్టు కొలిస్తే తప్పవుతుంది. అది పుట్టినప్పుడు ఎలా ఉండేదో ఊహించి గీయాలి. ఎక్కడ రాపిడి తగిలింది, ఎంత లోహం పోయింది, మూల ఎంత వాడిగా ఉండేది, ఇవన్నీ చూడాలి. ఆ గీయడం నా పని. నా గీతను బట్టి చేసిన ముక్కలు మిషన్లలో ఇమిడిపోతుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది.

నేను ఐటీఐ దాటి చదవలేదు. మిగతా చదువంతా మా పేటలోని శాఖా గ్రంథాలయంలోనే జరిగింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నది అక్కడే. సముద్రపు పోటుపాట్లు, తేనెటీగల భాష, గడియారాల చరిత్ర, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి చదివింది అందరికీ చెప్పేవాణ్ణి. మా పాలిష్ పనివాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద, నాకు "లైబ్రరీ సార్" అని పేరు పెట్టాడు. "లైబ్రరీ సార్ డబ్బా మూత తీసిండు, ఇగ వినుండ్రి" అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు. వినేవాళ్ళు కూడా.

ఒక రోజు గోల్ఫ్ సామాన్లు అమ్మే వ్యాపారి ఒకాయన కారులో వచ్చాడు. సంచిలోంచి ఒక కర్ర తీసి ఓనర్ గారి బల్ల మీద పెట్టాడు. సన్నటి పొడుగు ఇనుప కాడ, చివర పిడికిలంత తల. మేమంతా చుట్టూ చేరాం.

"గిదేంది? మోరీల చెత్త గుంజేదా?" అన్నాడు పాలిష్ అన్న.

"హాకీ కర్ర ఎండలో పెడితే గిట్లనే అయితది భాయ్" అన్నాడు వెల్డర్.

వ్యాపారి కూడా నవ్వి, ఓపికగా చెప్పాడు. గోల్ఫ్‌లో ఒక్కో దూరానికి ఒక్కో కర్ర ఉంటుందట. దూరం కొట్టే ఇనుప కర్రలు సన్నగా, మొండిగా ఉంటాయి, మామూలు ఆటగాళ్ళకు లొంగవు. వాటి బదులు వచ్చిందే ఈ యుటిలిటీ ఐరన్. చూడడానికి ఇనుప కర్రే, కానీ తల లోపల బోలు, ముఖం పలచన. అందువల్ల బంతి కాస్త పక్కన తగిలినా దారి తప్పదు. బయటి దేశంనుంచి వచ్చే సరుకు ఖరీదు. తలలు ఇక్కడ చేయిస్తే కాడలు తాను బిగించుకుంటానన్నాడు. ముందు ఆరు తలలు చేసివ్వాలి, మైదానంలో పరీక్షించి నచ్చితే ఆర్డర్ ఇస్తాడు.

అప్పట్లో మా షెడ్డులో పని పలచబడింది. ఆ ఆర్డర్ రావాలని ఓనర్ గారు ఎంత కోరుకున్నారో ఆయన రోజుకు నాలుగుసార్లు నా బల్ల దగ్గరకు రావడంలోనే తెలిసింది.

నాకు మాత్రం పండగే. తలను వేలితో తట్టి శబ్దం విన్నాను. నీళ్ళ బకెట్లో ముంచి బుడగలు వస్తాయేమో చూశాను, ఒక్కటీ రాలేదు. బోలు తల అంత గట్టిగా అతికింది. ఉక్కు గోళీని ముఖం మీదికి జారవిడిస్తే ఎంత ఎత్తు ఎగురుతుందో స్కేలు పెట్టి చూశాను. మధ్యలో పడితే ఎక్కువ, అంచున పడితే తక్కువ. ఇంత పలచని ఇనుము స్ప్రింగులా పని చేస్తుందని నా అంతట నేను కనిపెట్టినట్టు సంతోషించాను.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి పరుగెత్తాను. గోల్ఫ్ మీద అక్కడున్నది ఒకే ఒక్క పుస్తకం. లైబ్రేరియన్ అమ్మ దాన్ని అడుగు అరలోంచి దుమ్ము దులిపి ఇచ్చింది. చివరి పేజీలు చెదలు తినేశాయి. మా కర్ర పుట్టకముందే ఆ పుస్తకం ముసలిదైపోయింది. అయినా నాలుగు సాయంత్రాలు చదివాను. ముఖం వాలు అంటే ఏమిటో, కాడ వంపు అంటే ఏమిటో తెలిసింది. అందులో ఒక చోట, ఇసుక గుంటలో పడ్డ బంతిని తీసే కర్రకు అడుగుభాగం ఉబ్బుగా ఉంటుందని, ఆ ఉబ్బు వల్ల కర్ర ఇసుకలో దిగబడకుండా జారుతుందని ఉంది. నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీశాను: ఉబ్బు ఇసుక కర్రకు.

ఇక నమూనా వైపు చూశాను. వ్యాపారి ఇచ్చింది వాడిన కర్ర. అడుగంతా గీతలు. అడుగు మధ్యలో కొద్దిగా ఉబ్బి, ముందు వెనక అంచుల వైపు తగ్గి ఉంది. నాకు వెంటనే అర్థమైపోయింది. ఇది ఇసుక కర్ర కాదు. కాబట్టి ఉబ్బు ఉండకూడదు. నేలకు తగిలి తగిలి రెండు అంచులూ అరిగి, మధ్యభాగం మిగిలింది. చెప్పుల మడమ అరగదూ, అలా. కొత్తలో ఇది బల్లపరుపుగా ఉండి ఉంటుంది.

ఇన్నేళ్ళ అలవాటు, నాలుగు సాయంత్రాల చదువు కలిసి నా చేత ఆ గీత గీయించాయి. అంచులు నింపి, అడుగును చదునుగా గీశాను. పోత పోసే వాళ్ళకు పంపాను. ఆరు తలలు వచ్చాయి. మా వెల్డర్ ముఖాలు అతికించాడు. వాటినీ బకెట్లో ముంచి చూశాను, ఒక్క బుడగ రాలేదు.

పాలిష్ అన్న మొదటి తల తీసుకున్నాడు. మధ్యాహ్నానికి నా బల్ల మీద పెట్టాడు. నేను దాన్ని నునుపు రాతి పలక మీద నిలబెట్టాను. ఊగింది. అడుగు చదునుగా లేదు, ముందూ వెనకా పాలిష్ చక్రం మీద ఒరిపిడి పెట్టి గుండ్రంగా చేశాడు. తూకంలో కూడా తగ్గింది.

"అన్నా, అంచులు తినేసినవ్."

"తినలే సార్. నమూనా గట్లనే ఉంది కద? చూసే చేసిన."

"నమూనా అరిగింది. మనం అరగనిది చెయ్యాలె. నీకు తెల్వనిదా?"

"అరిగినట్టు కొడ్తలేదు సార్ నాకు. గా గీతలు చూసినవా..."

నేను సంచిలోంచి పుస్తకం తీసి, గీత గీసుకున్న పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన ఇంగ్లీషు చదవలేడు. నాకది తెలుసు. కొంతసేపు ఆ పేజీ వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"సరే సార్. మీరు చదివిండ్రు."

మిగతా ఐదు తలలూ నేను చెప్పినట్టే చదునుగా తెచ్చాడు. అద్దం పెట్టినట్టు కూర్చున్నాయి పలక మీద. మొదటి దాని మెడ మీద నేను ఎర్ర రంగు పూసి పక్కన పెట్టాను. మా షెడ్డులో ఎర్ర రంగంటే పనికిరానిదని.

అక్కడితో ఆగినా బాగుండేది. ఓనర్ గారు ఆరోది ఏమైందని అడిగారు. "చెయ్యి పోతోంది సార్ ఆయనకు. అంచులు నిలబెట్టలేకపోతున్నాడు" అన్నాను. పాలిష్ పనివాళ్ళ మీద ఎప్పుడూ ఉండే ఫిర్యాదే అది. చక్రం మెత్తన, ఇనుము మూల ఎప్పుడు కరిగిపోతుందో తెలియదు. వయసొస్తే ఇంకా. నేను అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. ఓనర్ గారు తల పంకించి, "ఆ వయసులో చక్రం దగ్గర ప్రమాదం కూడా కదండీ" అన్నారు. మర్నాటినుంచి పాలిష్ అన్నను ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అట్ట డబ్బాలు మడవాలి, టేపు అంటించాలి. ఆర్డర్ వస్తే పాలిష్ బయట చేయించాలని కూడా అనుకున్నారు. అంటే ఆయన మళ్ళీ చక్రం ముట్టుకునేది లేదు.

ఆయన వెళ్ళి ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం నేను డబ్బా మూత తీస్తే ఎవరినీ వినమని పిలవలేదు.

వ్యాపారి వచ్చి ఐదూ తీసుకున్నాడు. ఎర్ర రంగుది చూసి, "అది కూడా ఇచ్చేయండి, కాడ అతికించడం మావాడు ముందు దాని మీద చూసుకుంటాడు" అన్నాడు.

పరీక్ష రోజు వ్యాపారి, ఓనర్ గారు, నేను నగరానికి పడమటి వైపున ఒక ప్రాక్టీసు మైదానానికి వెళ్ళాం. అంత పచ్చదనం ఒకే చోట నేనెన్నడూ చూడలేదు. అక్కడి కోచ్ ఒకప్పుడు ఆటగాళ్ళ సంచులు మోసినవాడట, ఇప్పుడు వాళ్ళకే ఆట నేర్పుతున్నాడు. ఎండకు నల్లబడిన చేతులు, ఎడమ చేయి ఒక్కటి తెల్లగా, గ్లవ్ తొడిగే చేయి కాబట్టి.

మొదట రబ్బరు గొట్టం మీద బంతి పెట్టి కొట్టాడు. టంగుమంది. బంతి తక్కువ ఎత్తులో, తీగ లాగినట్టు పోయింది. ఐదు కర్రలూ అలాగే. వ్యాపారి నవ్వాడు. ఓనర్ గారు నా భుజం తట్టారు. నేను ఆ వాలు ఎంతో, ఎందుకో వివరించడం మొదలుపెట్టాను.

"ఆగుండ్రి సార్. గొట్టం మీద పెడితే గొడ్డలి కూడ కొడ్తది" అన్నాడు కోచ్. బంతిని గడ్డి మీద పెట్టాడు.

కొట్టాడు. దబ్ మని చప్పుడు. కర్ర నేలలో ఇరుక్కుంది. బంతి పది గజాలు దొర్లింది. అరచెయ్యంత గడ్డి పెళ్ళ లేచి పక్కన పడింది. ఆయన మణికట్టు పట్టుకుని విదిలించాడు.

"అరె భాయ్, ఇది కొడ్తాందా, దున్నుతాందా?"

ఇంకోటి తీశాడు. మళ్ళీ దబ్. మూడోది, నాలుగోది. ఐదోదానికి ఓనర్ గారు వేరే వైపు చూస్తున్నారు. వ్యాపారి ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. నేను గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుంటలు చూస్తున్నాను. నిజం చెప్పాలంటే అంత భయంలోనూ నాకు కుతూహలం ఆగలేదు. ప్రతి గుంటా ముందు పక్క నిటారుగా, కత్తితో కోసినట్టు ఉంది. అంటే ముందు అంచు నేలలోకి దిగుతోంది. నేను నింపిన అంచే.

"సంచిల ఇంకోటి ఉన్నట్టుంది" అని కోచ్ ఆరోది తీశాడు.

"అది పనికిరానిదండీ" అన్నారు ఓనర్ గారు.

"పనికొచ్చేటియి చూసినం కద సార్, ఇది కూడ చూద్దాం."

ఊపాడు. ఈసారి దబ్ లేదు. గచ్చు మీద చెప్పు జారినట్టు కర్ర గడ్డి మీద సర్రున జారింది. బంతి లేచి, దూరంగా ఉన్న జెండా దాటి పడింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అంతే. నేల మీద సన్నటి గీత, అంతే. ఆయన తలను తిప్పి అడుగును బొటనవేలితో నిమిరాడు.

"మస్తుంది. గిసొంటివి చెయ్యుండ్రి. ఇంత మంచిదానికి ఎర్ర రంగు ఎవరు పెట్టిండ్రు?"

"గుర్తు కోసం" అన్నాను. నా నోటినుంచే వచ్చింది ఆ మాట.

వ్యాపారి ఫోన్ జేబులో పెట్టుకుని ఆ కర్ర అందుకున్నాడు. "ఇది ఎవరు చేశారు?" అని అడిగాడు.

ఓనర్ గారు నా వైపు చెయ్యి చూపించారు. "మా ఇన్‌స్పెక్టర్ గారేనండీ. లైబ్రరీకి వెళ్ళి గోల్ఫ్ మీద పుస్తకాలే చదివేశారు."

ఆ క్షణంలో ఒక్క మాట చాలు. నేను జేబురుమాలు తీసి కర్రకు అంటిన మట్టి తుడవడం మొదలుపెట్టాను. వ్యాపారి నాకు చెయ్యి ఇచ్చాడు. పుచ్చుకున్నాను.

మర్నాడు అందరికంటే ముందు షెడ్డుకు వెళ్ళాను. పాలిష్ అన్న అప్పటికే వచ్చి అట్ట డబ్బాలు మడుస్తున్నాడు. కళ్ళకు కొత్త అద్దాలున్నాయి. ఆయన్ని అద్దాలతో చూడడం అదే మొదలు.

"ఎప్పుడు తీసుకున్నవన్నా?"

"ఆదివారం. పత్తర్‌గట్టి పోయి చూపించిన. డాక్టరేమో, చదువుకునేతందుకు తప్ప అక్కర్లేదన్నడు. నేనే పట్టుపట్టిన. చెయ్యి మంచిగనే ఉంది, ఇగ కన్నే పోయి ఉంటది అనుకున్న."

నేను పక్కన స్టూలు మీద కూర్చుని జరిగింది చెప్పాను. ఐదూ నేల దున్నడం, ఆరోది జారడం, వ్యాపారి అడిగిన ప్రశ్న, నేను పుచ్చుకున్న చెయ్యి, అన్నీ. ఆయన చేతిలో టేపు చుట్ట అలాగే ఉంది.

"నీ కన్ను పోలే అన్నా. నా గీత తప్పు."

ఆయన టేపు చుట్ట పక్కన పెట్టాడు. తర్వాత అద్దాలు తీసి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"నమూనా తే తమ్మీ."

షెడ్డులో ఆయన నన్ను తమ్మీ అనడం అదే మొదలు. తెచ్చాను. కిటికీ వెలుగులో తిప్పి, ముందు అంచు దగ్గర వేలు పెట్టాడు. "గిక్కడ చూడు. మన్ను గీతలు గిట్ల అడ్డంగ ఉన్నయా? వాటి కింద సన్నటియి, నిలువుగ. అవి ఫ్యాక్టరీల పాలిష్ చేసినోని గీతలు. ఆ వంపు చుట్టూ తిరిగి పోయినయ్. అంచు అరిగి ఉంటే ఫస్టు పోయేటియి గవే కద?"

భూతద్దం పెట్టి చూశాను. ఉన్నాయి. వంపు చుట్టూ వెంట్రుకల్లా సన్నగా, చెక్కుచెదరకుండా. ఆ వంపు అరుగుదల కాదు. ఎవరో ఒక పాలిష్ పనివాడు, ఏ దేశంలోనో, కావాలని చేసింది. భూతద్దం నా జేబులోనే ఉంటుంది ఎప్పుడూ. దీన్ని నేను నాలుగు రోజులు బల్ల మీద పెట్టుకుని కొలిచాను.

"గిది అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్పబోయిన. నువ్వు పుస్తకం తెరిచినవ్." కోపంగా అనలేదు. అదే నాకు కష్టంగా ఉంది ఇప్పటికీ. "ఇంటికి పోయినంక కూడ యాదిచేసిన. ఆ గీతలు నేను చూసిన్నా, చూసిననుకున్ననా అని. ఇన్నేండ్లల నీ కొలత తప్పంగ నేను చూడలే. ఇగ నా కన్నే తప్పింది అనుకున్న."

ఓనర్ గారు రాగానే వెళ్ళి చెప్పాను. "ఆయన్ని చక్రం మీదికి పంపండి సార్. చెయ్యి బాగుంది."

"మీరేగా పోయిందన్నారు?"

"పొరపాటు చూశాను."

"సరేనండీ. మంచిది కొడితే చాలు" అన్నారు. ఆయనకు పని వచ్చింది, అంతకంటే వినే తీరిక లేదు. నాకు అంతకంటే చెప్పే ధైర్యం లేదు. మొదటి తల ఎవరు గుండ్రం చేశారో, దాన్ని ఎవరు వద్దన్నారో ఆయనకు ఇప్పటికీ తెలియదు. చక్రం మళ్ళీ పాలిష్ అన్నకు వచ్చింది కాబట్టి లెక్క సరిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. సరిపోలేదు. ఆర్డర్ చిన్నదే అయినా నిలిచింది, తర్వాత మరొకటి వచ్చింది, కథ నా పేరు మీద పెరిగింది. పాలిష్ అన్న అద్దాలు మాత్రం మానలేదు. అవసరం లేదు కదా అంటే, "ఉండనీ. ఒకసారి అనుమానం వచ్చినంక ఒట్టి కండ్లతోని చూడబుద్ధి అయితలేదు" అన్నాడు. ఆ అద్దాలు నేను పెట్టించినవి.

చిన్నవాళ్ళకు చదవొద్దని చెప్పడం లేదు. నేను ఇప్పటికీ చదువుతున్నాను, మొన్ననే నత్తల మీద ఒకటి పూర్తి చేశాను. పుస్తకం ఎవరైనా మాట్లాడుతుండగా తెరవకండి. అంతే.

ఇంతసేపూ ఎవరి పేరూ రాయలేదు. సాయం చేసినవాళ్ళ పేర్లు ఇప్పుడు చెప్పాలి. చెదలు తిన్న పుస్తకమైనా వెతికి ఇచ్చిన లైబ్రేరియన్ సుగుణమ్మ గారికి కృతజ్ఞతలు, తప్పు పుస్తకానిది కాదు. నీళ్ళ బకెట్లో ఒక్క బుడగ రాకుండా ఆరు ముఖాలూ అతికించిన వెల్డర్ ఖలీల్ భాయ్‌కి కృతజ్ఞతలు. సంచి అడుగు దాకా వెతికిన కోచ్ యాదగిరి అన్నకు కృతజ్ఞతలు. నన్ను నాకంటే ఎక్కువ నమ్మిన ఓనర్ రామ్మోహన్ గారికి, ఈ కాగితం చూశాక కూడా కోప్పడరనే ఆశతో, కృతజ్ఞతలు. రెండో ఆర్డర్ ఇచ్చిన ప్రకాశ్ గారికి కృతజ్ఞతలతోపాటు ఒక జవాబు కూడా బాకీ. మైదానంలో ఆ కర్ర చేతిలో పట్టుకుని, ఇది ఎవరు చేశారు అని అడిగారు మీరు.

దేవదానం చేశాడండీ. ఎర్ర రంగు నేను పూసింది.